పన్ను అధికారి పేర వచ్చు పిలుపులు

ఆదాయపు పన్ను శాఖ పేర రైతులకు టెలిఫోను పిలుపులు వచ్చుట యీ కాలమున సామాన్యమైపోయినది. ధాన్యపు సొమ్మో ప్రత్తి సొమ్మో బ్యాంకులో జమపడియుండును. ఇంతలో నొక గొంతు, "మీ ఖాతాలో పెద్ద మొత్తము పడినది, పన్ను బాకీ యున్నది, సాయంకాలములోగా చెల్లింపనిచో వారంటు వచ్చును" అని బెదరించును. సర్కారు పేరు వినినంతనే చేతులు కట్టుకొని నిలుచుట మనకు తరతరముల నుండి వచ్చిన అలవాటు. ఆ మోసగాని పెట్టుబడి యంతయు నీ యలవాటే.

రైతు మొదట తెలిసికొనవలసిన దొకటి కలదు. సేద్యముపై వచ్చిన ఆదాయమునకు కేంద్ర ప్రభుత్వపు ఆదాయపు పన్ను లేదు. దానిపై పన్ను వేయు అధికారమును రాజ్యాంగము రాష్ట్రములకు విడిచినది; ఆంధ్రప్రదేశమునందును తెలంగాణమునందును అట్టి పన్ను వసూలగుట లేదు. ఉద్యోగమో వ్యాపారమో కూడ గలవారికి పన్ను రేటు లెక్కించునపుడు సేద్యపు ఆదాయమును కలిపి చూచు పద్ధతి కలదు. పాడి, కోళ్ల పెంపకము సేద్యముగా నెంచబడవు. అవి గలవారు తమ లెక్కలు తాము చూచుకొనవలెను. కాని కేవలము కమతముపై బ్రతుకువాడు పంట యమ్మిన సొమ్మునకు పన్ను బాకీపడుట యనునది లేదు.

మోసగాడు పచ్చి అబద్ధమాడడు, కొంత నిజము కలుపును. 2023 జూలై 1 నుండి ఆధారుతో జతపరుపని పాను సంఖ్యలు పనిచేయకుండ నిలిచిపోయినమాట నిజమే. దానిని పట్టుకొని, "మీ పాను నిలిచినది, ఈ లంకె నొక్కుడు" అని సందేశము పంపును. బ్యాంకు వడ్డీలో కోసికొనిన పన్ను కొందరికి వాపసు రావలసియుండుటయు నిజమే. దానిని పట్టుకొని, "వాపసు సిద్ధముగా నున్నది, రహస్య సంఖ్య చెప్పుడు" అనును. వాపసు సొమ్ము శాఖవద్ద నమోదైన బ్యాంకు ఖాతాకు దానంతట అదియే చేరును. సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ను అక్కరలేదు. అది నొక్కుట సొమ్ము ఇచ్చుటకే. సందేశముతో వచ్చిన ఏ.పి.కె. దస్త్రమును ఫోనులో నెక్కించుకొనుట దొంగచేతికి ఇంటి తాళము నిచ్చుటయే. ఇక వీడియోలో కూర్చుండబెట్టి, "నిన్ను డిజిటల్ అరెస్టు చేసితిమి, గది విడిచిపోరాదు" అనువారు కలరు. మన చట్టములలో నట్టి అరెస్టు లేనేలేదు.

నిజమైన తాఖీదు నెరుగుట కష్టము కాదు. 2019 అక్టోబరు 1 నుండి ఆదాయపు పన్ను శాఖ పంపు ఉత్తరముల మీద సామాన్యముగా డి.ఐ.ఎన్. అను సంఖ్య యుండును. దానిని శాఖవారి వెబ్‌సైటులో వేసి చూచినచో ఉత్తరము నిజమో కాదో తెలిసిపోవును. పన్ను చెల్లించుట చలానాతో ప్రభుత్వ ఖాతాకే గాని, ఒకని ఫోను నంబరునకు గాదు.

1984లో గ్రామాధికారుల పదవులు రద్దగువరకు శిస్తు వసూలు చేయువాడు ఊరివాడే. కరణము, మునసబు, పటేలు, పట్వారి ఎంత పీడించినను వారి మొగము మన మెరుగుదుము. ఆ పీడ మరల రావలెనని మేము కోరము. కాని నేడు మొగము లేని గొంతు అడిగినదానికి రశీదైన లేకుండ వేలు ధారపోయుట మరింత వింత. ఇందు ప్రభుత్వముల తప్పును లేకపోలేదు. నిజమైన శాఖలును లంకెలతో కూడిన పొట్టి సందేశములను ఆంగ్లమున పంపుచుండ, తెలుగు మాత్రమే చదువనేర్చిన రైతు అసలును నకిలీని ఎట్లు వేరుచేయగలడు? ఆ సందేశములు తెలుగున నుండవలెను, సరిచూచుకొను మార్గము వానిలోనే చెప్పవలెను.

మోసపోయినవారు సిగ్గుచే దాచుట మరియొక కీడు. ఉద్యోగి వేషము వేయుట ఈనాటి నేరము కాదు; 1860 నాటి శిక్షాస్మృతిలోనే దానికి శిక్ష యుండెను. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 204వ సెక్షను ప్రకారము ఆరు నెలలకు తక్కువ కాకుండ మూడేండ్లవరకు ఖైదు, జరిమానా గలవు. సొమ్ము పోయిన వెంటనే 1930కి ఫోను చేసి, బ్యాంకునకు తెలుపవలెను. సొమ్ము ఒక ఖాతానుండి మరియొక ఖాతాకు మారిపోకముందే నిలిపివేయుటకు అప్పుడే వీలు.

మన కార్యనిర్వాహక వర్గమునకు మా మనవి యిది. పన్ను పేర ఎవరికైనను పైకము పంపుటకు ముందు సభ్యుడు ఆ కాగితమునో సందేశమునో సంఘ కార్యాలయమునకు తెచ్చి చూపుట ఆచారము కావలెను. గుమాస్తా ఏమియు పుచ్చుకొనక, విషయము బయటికి పొక్కనీయక, సరిచూచి చెప్పవలెను. ఇందుకు ఒక దినము పట్టినను భయము లేదు. నిజమైన నోటీసునకు బదులిచ్చుటకు గడువు అందులోనే వ్రాసియుండును.