మఫ్లర్ ఉంటేనే మైదానం మిగిలేది

మోడల్ విమానాలకు బిగించే చిన్న టూస్ట్రోక్ ఇంజిన్ పిడికిట్లో ఇమిడిపోతుంది. అది నిమిషానికి 12 వేల సార్లు తిరిగితే, సెకనుకు 200 సార్లు దాని ఎగ్జాస్ట్ తెరుచుకుంటుంది. తెరుచుకున్న ప్రతిసారీ కాలిన వాయువు ఒక్క ఉదుటున బయటికొచ్చి గాలిని చరుస్తుంది. మైదానం అంచునున్న ఇంట్లో బిడ్డను జోకొడుతున్న తల్లికి అది ఆటలా వినిపించదు, రంపపు కోతలా వినిపిస్తుంది.

బ్రిటన్‌లో ఈ గోల ప్రభుత్వం దాకా వెళ్లింది. మోడల్ విమానాల శబ్దంపై అక్కడ 1982లో నియమావళి వచ్చింది. ఏడు మీటర్ల దూరంలో కొలిస్తే శబ్దం 82 డెసిబెల్స్ దాటకూడదన్నది అందులో ముఖ్యమైన కొలత. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. ఆ లెక్కన ఏడు మీటర్ల దగ్గర 82 ఉన్నది 112 మీటర్ల దగ్గర 58 అవుతుంది. భారత్‌లో 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతాలకు పగటిపూట విధించిన సగటు హద్దు 55. అంటే ఎగ్జాస్ట్ శబ్దాన్ని తగ్గించే మఫ్లర్ పెట్టి 82లోపు ఉంచినా ఊరికి ఎడంగానే ఎగరేయాలి. ఆ మఫ్లర్ కూడా లేకుండా ఎగరేస్తే ఇరుగుపొరుగు కన్నెర్రజేయడంలో తప్పేముంది?

మఫ్లర్ తగిలిస్తే ఇంజిన్ బలం చచ్చిపోతుందన్నది పాత వాదన. అందులో కొంత నిజముంది. కానీ ఎక్కువ నష్టం చేసేది నప్పని మఫ్లరే. మఫ్లర్ అంటే వాయువు వ్యాకోచించి నెమ్మదించడానికి ఇచ్చే గది. గది ఇరుకై, బయటికి దారి సన్నబడితే కాలిన వాయువు వెనక్కి తంతుంది, ఇంజిన్ వేడెక్కుతుంది. అన్న చొక్కా తమ్ముడికి తొడిగినట్టు పెద్ద ఇంజిన్ మఫ్లర్‌ను చిన్నదానికి తగిలిస్తే అనవసరపు బరువు మీద పడుతుంది. అందుకే ఇంజిన్ సీసీకి తగిన గది, తగిన రంధ్రం చూసి ఎంచుకోవాలి.

బిగించడంతో పని తీరిపోదు. చాలా మఫ్లర్లకు ఒక చిన్న ముక్కు ఉంటుంది. అక్కడి నుంచి ట్యాంకుకు గొట్టం కలిపితే ఎగ్జాస్ట్ ఒత్తిడి ఇంధనాన్ని నిలకడగా ముందుకు తోస్తుంది. మఫ్లర్ మారితే ఆ ఒత్తిడీ మారుతుంది కనుక ఇంధనం పాలును నియంత్రించే నీడిల్ వాల్వ్‌ను మళ్లీ సరిచేయాలి. ముందు ఇంధనం కాస్త ఎక్కువే అందేలా ఉంచి, ఆపైన కొద్దికొద్దిగా తగ్గించాలి. ఇంధనంలో కలిసే నూనె ఇంజిన్‌ను కాపాడుతుంది. ఇంధనం మరీ తగ్గితే నూనె కూడా తగ్గుతుంది, లోహం లోహాన్ని ఒరుస్తుంది. ఆ నూనె చాలాసార్లు పాలమూరు చేలకు బాగా తెలిసిన ఆముదమే! మఫ్లర్ ఒక పక్కకు వేలాడుతుంది కాబట్టి విమానం తూకాన్నీ మళ్లీ చూసుకోవాలి. అదురుకు స్క్రూలు వదులవుతాయి, అవీ తడిమి చూడాలి.

శబ్దమంతా ఎగ్జాస్ట్‌దే కాదు. పది అంగుళాల ప్రొపెల్లర్ నిమిషానికి 15 వేల సార్లు తిరిగితే దాని కొసలు సెకనుకు దాదాపు 200 మీటర్ల వేగంతో గాలిని చీలుస్తాయి. పదకొండు అంగుళాలది 11 వేల సార్లు తిరిగితే ఆ వేగం 161 మీటర్లకు దిగుతుంది. మంచి మఫ్లర్ పెట్టి, గోలపెట్టే ప్రొపెల్లర్‌ను అలాగే వదిలేస్తే సగం పనే అయినట్టు.

ఎలక్ట్రిక్ మోటార్లు వచ్చాక ఈ బాధ ఎందుకని అడిగేవారున్నారు. కానీ ఇంధనం, గాలి, వేడి, నూనె నడుమ పొత్తు ఎలా కుదురుతుందో కుర్రవాడి చేతివేళ్లకు నేర్పేది ఇంజినే. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో ఏరోమోడలింగ్ శిక్షణలో భాగం. అక్కడైనా, కాలేజీ పోటీల్లోనైనా ఇంజిన్ మోడల్‌కు ఎగిరే అనుమతి ఇచ్చే ముందు ఏడు మీటర్ల దూరంలో సౌండ్ మీటర్ పెట్టి కొలవాలి. హద్దు దాటిన మోడల్‌ను ఆ రోజుకు నేలమీదే ఆపాలి. పక్క ఇళ్లవారిని ఒకసారి మైదానానికి పిలిచి, ఆ మీటరు ముల్లు ఎక్కడ ఆగుతుందో వారి కళ్లతోనే చూడనివ్వాలి.