రెండో కృష్ణుడు వచ్చేదాకా

గోదావరి జిల్లాల్లో ‘శ్రీకృష్ణ రాయబారం’ పద్యం ఒక్కటైనా రాని ఇల్లు తక్కువ. మా ఇంట్లో టేప్ రికార్డర్ పోయింది గానీ పద్యాలు పోలేదు. షణ్ముఖి ఆంజనేయరాజు గారి గొంతు ఇప్పుడు తాతయ్య ఫోన్లోంచి వస్తోంది, అంతే తేడా. నాకూ అలా వింటూనే వచ్చేశాయి. ల్యాబ్ రికార్డు రాసేటప్పుడు అందరూ లో-ఫై పెట్టుకుంటే నేను రాయబారం పెట్టుకుంటాను. నవ్వుకుంటే నవ్వుకోండి.

ఇంత ఇష్టమైన నాటకాన్ని స్టేజి మీద చూడటం మాత్రం మొన్న శివరాత్రికి, ద్రాక్షారామంలోనే మొదటిసారి. ముందు కాస్త నేపథ్యం చెప్తాను, తెలియని ఫ్రెండ్స్ కోసం. ఈ పద్యాలు తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగ విజయాలు’లోవి. దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్ళపిళ్ళ వేంకట శాస్త్రి అని ఇద్దరు జంటగా రాశారు. చెళ్ళపిళ్ళ వారు పుట్టింది మనం మొక్కలు కొనుక్కోవడానికి వెళ్ళే కడియంలోనే. పద్యం అనగానే నిఘంటువు కావాలని భయపడేవాళ్ళకి ఒక మాట: ఇందులో చాలా పద్యాలు బావా బావమరుదులు అరుగు మీద కూర్చుని ఎత్తిపొడుచుకున్నట్టే ఉంటాయి. చదువు రానివాళ్ళు కూడా పొలం పనుల్లో పాడుకున్నారంటే అందుకే.

ఇక నా గొడవకి వస్తాను. పద్యనాటకాన్ని మనం ముక్కలు చేసి వింటున్నాం. నాలుగు నిమిషాల క్లిప్పు, అందులో రాగం ఎక్కడ మొదలైతే అక్కడ కత్తిరింపు. ‘రాగాలు తగ్గించి భావం పెంచండి’ అనే విమర్శ పాతదే, పెద్దవాళ్ళే అన్నారు. ఉత్సవ కమిటీలు కూడా ఈమధ్య ‘రెండు గంటల్లో ముగించండి’ అంటున్నాయి. నాకు మాత్రం ఆ కత్తిరించి పారేసేదాంట్లోనే నాటకం ఉందనిపిస్తోంది.

పడక సీనే తీసుకోండి. కృష్ణుడు నిద్ర నటిస్తూ పడుకుని ఉంటాడు. దుర్యోధనుడు వచ్చి తల దగ్గర కూర్చుంటాడు, అర్జునుడు కాళ్ళ దగ్గర నిలబడతాడు. క్లిప్పులో సీను కృష్ణుడు లేచి పద్యం ఎత్తుకోవడంతో మొదలవుతుంది. స్టేజి మీద అంతకుముందు మూడు నాలుగు నిమిషాలు ఎవరూ మాట్లాడరు. దుర్యోధనుడు ఆ కుర్చీ తన స్థాయికి తగిందా లేదా అని అటూ ఇటూ తిరిగి చూశాడు. కృష్ణుడు ఒక కన్ను సగం తెరిచి, మాకేసి చూసి, మళ్ళీ మూసేశాడు. జనం గొల్లుమన్నారు. ఇన్నేళ్ళుగా వింటున్న ఆడియోలో ఆ నవ్వు లేదు.

రాయబారం సీనుకి వేరే కృష్ణుడు. కాంట్రాక్టు నాటకాల్లో ఇది మామూలే, సీనుకో కృష్ణుడు ఉంటాడు. నేను మధ్యలో టీకి లేవబోతే తాతయ్య చెయ్యి పట్టుకుని, “కూర్చోరా, రెండో కృష్ణుడు రానీ” అన్నాడు. రెండో ఆయనకి అరవై దాటి ఉంటాయి. కిరీటం కాస్త వదులు. దుర్యోధనుణ్ణి చూస్తూ పద్యం మొత్తం పాడి, చివరి మాట మీద రాగం తీశారు. హార్మోనియం ఆయన వెనకాలే వెళ్ళింది. ముందు వరసల్లోంచి ‘వన్స్ మోర్’ అని కేకలు. వన్స్ మోర్ అంటే అదే మళ్ళీ పాడటం అనుకున్నాను. ఆయన రాగం మార్చి, వేగం బాగా తగ్గించి, ఈసారి భీష్ముడు, ద్రోణుడు కూర్చున్న వైపు తిరిగి పాడారు. మాట ఒక్కటీ మారలేదు. మొదటిసారి అది దుర్యోధనుడికి హెచ్చరిక. రెండోసారి, అన్నీ తెలిసి నోరు మెదపని పెద్దలకి. భీష్ముడి వేషం వేసినాయన తల దించుకున్నారు. అది ముందే అనుకున్నదో, అప్పటికప్పుడు పుట్టిందో గానీ, పక్కన వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్న ముసలాయన చెయ్యి ఆగిపోయింది.

ఈ రెండోసారి అనేది ఏ రికార్డింగులో దొరుకుతుంది చెప్పండి? అడిగేవాళ్ళు ఎదురుగా ఉంటేనే ఆయన ఇస్తాడు.

అంతా అద్భుతం అనను. మైకు ఎకో ఎంత పెట్టారంటే ద్రౌపది మాట భీమేశ్వరుడి గుడి ప్రాకారానికి తగిలి తిరిగొచ్చినట్టుంది. ఒకరిద్దరు చప్పట్లు వచ్చేదాకా రాగం వదల్లేదు. ఆ విషయంలో విమర్శకులతో నాకు పేచీ లేదు. కానీ రాగం సాగదీసేవాళ్ళున్నారని రాగమే తీసేయడం, సిగ్నల్లో నాయిస్ ఉందని సిగ్నల్ ఆపేయడం లాంటిది. (ఈసీఈ వాళ్ళు క్షమించాలి.)

మన ఫెస్టులో పద్యం అంటే ఇప్పటిదాకా కామెడీ స్కిట్టే. అట్టముక్క కిరీటం, వంకర రాగం, నవ్వులు. బాగానే ఉంటుంది, నేనూ నవ్వాను. ఈసారి మాత్రం లిటరరీ క్లబ్ తరఫున కల్చరల్ కమిటీకి ఒక కాగితం ఇచ్చాం. నిజమైన నటుల్ని పిలిచి పడక సీను, రాయబారం సీను పూర్తిగా వేయించాలని, ట్రాక్ వద్దని, హార్మోనియం, తబలా స్టేజి మీదే ఉండాలని. వాళ్ళడిగిన మొదటి ప్రశ్న “ఎంతసేపు?” అని.

గంటన్నర అని రాశాం. వన్స్ మోర్‌లు కాకుండా.