అలసంద: ఏ బెట్టకు ఏ విత్తనం?

చెక్కతో చేసిన పెట్టె. లోతు సుమారు 15 సెంటీమీటర్లు. లోపల ప్లాస్టిక్ కాగితం పరిచి, మట్టీ ఇసుకా సమపాళ్లలో కలిపి నింపుతారు. రకానికో సాలు చొప్పున అలసంద గింజలు నాటి, జంట ఆకులు విచ్చుకుని మొదటి మూడు రెక్కల ఆకు తొంగిచూసే దాకా రోజూ నీళ్లు పోస్తారు. అక్కడితో ఆపేస్తారు. ఏ రకం ఏ రోజు వాడింది, ఏది ఎప్పుడు చచ్చింది అని రోజూ రాసుకుంటారు. చివర్లో మళ్లీ తడిపి ఎన్ని తేరుకున్నాయో చూస్తారు. నైజీరియాలోని కానోలో అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ పరిశోధన సంస్థ కేంద్రంలో పనిచేసిన భారతీయ శాస్త్రవేత్త బి.బి. సింగ్, ఆయన సహచరులు 1999లో ప్రచురించిన పద్ధతి ఇది.

పెట్టె అంత లోతు తక్కువగా ఉండటంలోనే కిటుకుంది. చేలో ఒక మొక్క పచ్చగా నిలిచిందంటే వేరు లోతుకు దిగి తడి అందుకుందో, ఆకే ఓర్చుకుందో చెప్పలేం. పెట్టెలో ఆ సందేహం లేదు. అన్నిటికీ అదే పిడికెడు మట్టి, అదే తడి. అలా చూస్తే తట్టుకునే రకాలు రెండు తరహాలుగా తేలాయి. మొదటి తరహా మొక్క నీరు తగ్గగానే ఎదుగుదల పూర్తిగా ఆపేసి, ఉన్న తడిని ఒళ్లంతా కాపాడుకుంటుంది. రెండో తరహా మొక్క కింది ఆకులను ఎండబెట్టుకుని చివరి చిగురును బతికించుకుంటుంది. ఉత్తర నైజీరియా రైతుల సొంత విత్తనం డానిలా ఈ రెండో తరహాదే. నా ఓటు కూడా దానికే. వాన మళ్లీ పడే దాకా చిగురు నిలిస్తే చాలు, ఆకులు తర్వాత వస్తాయి.

మొదట్లో ఒక్కో తరహా వెనక ఒక్క జన్యువే ఉందని లెక్కగట్టారు. అంత సులువు కాదని తర్వాత తెలిసింది. రివర్‌సైడ్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బృందం 2009లో మొలక దశ ఓర్పుకు సంబంధించిన జన్యు స్థానాలను పదింటిని గుర్తించింది. అలసంద క్రోమోజోములు 11 జతలు. పూర్తి జన్యుపటం 2019లో వచ్చింది. కాబట్టి విజ్ఞానం లేదని ఇవాళ ఎవరూ సాకు చెప్పలేరు.

నా అభ్యంతరం వేరు. మొలక బతకడం, చేను కాయడం రెండూ ఒకటే అన్నట్టు మాట్లాడేస్తున్నాం. అలసంద స్వతహాగా జాగ్రత్త మనిషి లాంటిది. నేల తడి కాస్త తగ్గగానే ఆకు రంధ్రాలు మూసుకుంటుంది, ఆకును ఎండకు ఏటవాలుగా తిప్పుకుంటుంది. నీరు మిగులుతుంది. కానీ రంధ్రాలు మూసుకున్నంతసేపూ ఆహారం తయారీ కూడా మందగిస్తుంది. ఓర్పు ఎక్కువైన కొద్దీ దిగుబడి పెరుగుతుందన్న హామీ అందుకే లేదు. గాజు పళ్లేల్లో బెట్టను అనుకరించే పాలీఇథిలీన్ గ్లైకాల్ ద్రావణం పోసి మొలకల పొడవు కొలిచే పరిశోధనలకు కొదవ లేదు. నెలలో ఫలితం చేతికొస్తుంది మరి. అదే రకాలను చేలో పూత, కాయ దాకా వెంటాడటానికి ఓపికా నిధులూ కావాలి.

అసలు ప్రశ్న, బెట్ట పంటను ఏ వయసులో తాకుతుందన్నది. అనంతపురం జిల్లాలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడుతుంది. అదీ ఓ వారం ముంచి, మూడు వారాలు మొహం చాటేస్తుంది. తొలకరికి విత్తిన అలసందకు మొలక దశ ఓర్పు ప్రాణాధారం. కానీ మనం దాన్ని తొలకరికి విత్తేది ఎంత? తొలి పదునంతా వేరుశనగకే. ఆగస్టు దాటినా వానల్లేక చేలు బీడు పడితేనే ప్రత్యామ్నాయ విత్తనాలంటూ ఉలవలతో పాటు అలసందలు సబ్సిడీ బస్తాల్లో దిగుతాయి. అంత ఆలస్యంగా విత్తిన పంటకు ముప్పు మొలక దశలో తక్కువ, కాయ నిండే వేళ ఎక్కువ. అప్పుడు కావలసింది ఓర్పు కాదు, వేగం. సింగ్ ఆ సంగతీ వదల్లేదు. తర్వాత పంత్‌నగర్‌లో 60 రోజుల్లో చేతికొచ్చే పంత్ లోబియా రకాలను తెచ్చారు. ఒకే మనిషి రెండు బెట్టలకు రెండు జవాబులిచ్చాడు. మన సబ్సిడీ బస్తా ఆ తేడా అడగదు.

మూడో జవాబూ ఉంది. ఆకులు త్వరగా రాలని మొక్క తొలి పూత ఎండకు పోయినా, వాన పడితే రెండో కాపు ఇస్తుంది. కాలిఫోర్నియాలో శాస్త్రవేత్త ఆంథొనీ హాల్ చాలాకాలం పనిచేసింది దీనిమీదే. తొలకరి పంటకు మొలక ఓర్పునూ దీన్నీ కలిపితే ఫలితం ఉండొచ్చు. ఆలస్యపు పంటకు మాత్రం రెండో కాపు దాకా ఆగే వ్యవధే ఉండదు.

వేరుశనగకు కదిరి పరిశోధన కేంద్రం ఉంది. కదిరి-6, కదిరి లేపాక్షి పేర్లు రైతుల నోట ఆడుతుంటాయి. అలసందకు అలా నోట ఆడే పేరేది? రాయలసీమ గట్ల మీద, తెలంగాణ చెల్కల్లో కందిలో సాళ్లుగా బొబ్బర్లు (అలసందలే) వేసే ఇళ్లలో దాచుకున్న విత్తనమే ఇంకా తిరుగుతోంది. దాన్ని సేకరించి చెక్కపెట్టెలో పెట్టి చూడటానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. నెగ్గినవాటిని అక్కడితో వదలకుండా తొలకరికి ఓ మడి, ఆగస్టు చివర ఓ మడి విత్తి, రెండు చోట్లా గింజలు తూచాలి. మారుకా మచ్చల పురుగునూ ఆ మడుల్లోనే లెక్కలోకి తీసుకోవాలి. పూతను అది తినేశాక బెట్ట ఓర్పుతో పనేముంది?

ఇదంతా చేసినా రైతు తొలి పదును అలసందకు ఇస్తాడా అన్నది ధర మీద ఆధారపడుతుంది. కేంద్రం కనీస మద్దతు ధర ప్రకటించే పప్పుధాన్యాల్లో కంది, పెసర, మినుము, శనగ, మసూర్ ఉన్నాయి. అలసంద లేదు. మద్దతు ధర లేని పంటకు జూన్ వాన కేటాయించమని రైతును అడిగే ముందు, రాష్ట్రాలు కనీసం కరవు మండలాల్లోనైనా కొనుగోలుకు ముందుకు రావాలి.