ప్లేఆఫ్ పైన కాదు, కింద పెట్టండి

పోయిన గురువారం రాత్రి మెస్‌లో జరిగిన గొడవ మీలో చాలామంది వినే ఉంటారు. విననివాళ్ళ కోసం క్లుప్తంగా చెప్తాను. మన ఇంటర్ బ్రాంచ్ ఫుట్‌బాల్ ఈ ఏడాది ఏ పద్ధతిలో పెట్టాలో ఆరు బ్రాంచ్‌ల కెప్టెన్లు కూర్చుని తేల్చుకోమన్నారు పీడీ సార్. కూర్చున్నాం. సాంబారు చల్లారిపోయింది కానీ విషయం తేలలేదు. పాత పద్ధతే ఉంచాలని ముగ్గురు, అందరూ అందరితో ఆడే లీగ్ కావాలని ఇద్దరు. ఆరోవాణ్ణి నేను. మెకానికల్ కెప్టెన్ని, పోయినేటి చాంపియన్ని. నేనేం మాట్లాడకుండా పెరుగన్నం తిని వచ్చేశాను.

మా రూముకొచ్చాక మావాళ్ళు చుట్టుముట్టారు. "ఏరా, పాతదానికే ఓటెయ్, ఆలోచించేదేముంది? ఎట్టోకట్ట సెమీస్‌లో పడితే చాలు, తర్వాత పెనాల్టీల్లో చూసుకుందాం."

ఆ మాట నాకు రెండు రోజులు నిద్ర పట్టనివ్వలేదు. ఎందుకంటే పోయినేడు మేం గెలిచింది అచ్చంగా అట్టాగే. పాత పద్ధతి తెలిసిందే: మూడేసి జట్లతో రెండు గ్రూపులు, సెమీస్, ఫైనల్. గ్రూపులో ఐటీతో డ్రా, ట్రిపుల్‌ఈ మీద ఒకటి–సున్నా. సెమీస్‌లో ఈసీఈతో డ్రా, పెనాల్టీల్లో గెలుపు. ఫైనల్లో సివిల్‌తో డ్రా, మళ్ళీ పెనాల్టీలు. ఆట సమయంలో మేం గెలిచింది మొత్తం ఒక్కటంటే ఒక్క మ్యాచ్. గ్రూపులో రెండూ గెలిచి ఏడు గోల్స్ కొట్టిన ఈసీఈ వాళ్ళు గట్టు మీద కూర్చుని మా డాన్సు చూశారు. కప్పు ఇప్పుడు మా డిపార్ట్‌మెంట్ అద్దాల బీరువాలో ఉంది.

ఒక్క గెలుపు అన్నప్పుడల్లా నాకు హైదరాబాద్ ఎఫ్‌సీ గుర్తొస్తుంది.

2022 మార్చి 20, ఆదివారం. అప్పుడు నేను టెన్త్. చిలకలూరిపేట దగ్గర మా ఊళ్ళో, మిరపకాయల కల్లం దగ్గర కాపలా పడుకుని ఫోన్లో ఐఎస్ఎల్ ఫైనల్ చూశాను. ఆ ఏడాది నల్ల తామరపురుగు చేలకు చేలనే ఊడ్చేసింది. మా కల్లంలో కాయలు ఎప్పుడూ ఆరబోసేదాంట్లో సగం కూడా లేవు. ఫటోర్డా స్టేడియం నిండా కేరళ బ్లాస్టర్స్ పసుపు చొక్కాలే. 68వ నిమిషంలో వాళ్ళ గోలు. మనకిక అయిపోయిందనుకుంటుంటే 88వ నిమిషంలో సాహిల్ తవోరా ఎక్కణ్ణించో లాగి కొట్టాడు. పెనాల్టీల్లో మన గోలీ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. 3–1. నేనరిచిన అరుపుకి నాన్న దొంగలొచ్చారనుకుని కర్ర తీసుకుని లేచాడు.

అంత సంబరంలో నేను చూడనివి రెండున్నాయి. కోవిడ్ వల్ల ఆ సీజన్ మొత్తం గోవాలోనే జరిగింది. అంటే గచ్చిబౌలిలో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే మనం చాంపియన్లమయ్యాం. రెండోది, లీగ్ పట్టికలో మొదటి స్థానం మనది కాదు. 20 మ్యాచ్‌లలో జంషెడ్‌పూర్‌కి 43 పాయింట్లు, మనకి 38. వాళ్ళకి షీల్డ్ వచ్చింది, సెమీస్‌లో కేరళ చేతిలో ఓడారు, అంతే. షీల్డ్ గెలిచిన జట్టు ఏదని ఇప్పుడు హాస్టల్లో అడగండి, ఎంతమంది చెప్తారో చూద్దాం.

మరుసటేడు అదే కత్తి మనకే దిగింది. 2022–23లో మళ్ళీ మనది రెండో స్థానమే, 42 పాయింట్లు. ఈసారి పద్ధతి మార్చారు. పైన నలుగురి బదులు ఆరుగురు. మొదటి ఇద్దరు నేరుగా సెమీస్‌కి, మిగతా నలుగురు ఒక్కో మ్యాచ్ ఆడి రావాలి. మనకెదురు 34 పాయింట్లతో మూడోదిగా నిలిచిన ఏటీకే మోహన్ బగాన్. రెండు లెగ్‌లూ సున్నా–సున్నా. పెనాల్టీల్లో మనం ఇంటికి, వాళ్ళు ఫైనల్‌కి, తర్వాత కప్పుకి. ఎనిమిది పాయింట్ల తేడాకి విలువెంత? సెమీస్‌కి ముందు ఒక మ్యాచ్ ఆడకుండా విశ్రాంతి, అంతే.

ఇక్కడిదాకా వింటే నేను ప్లేఆఫ్‌లకి వ్యతిరేకిననుకుంటారు. కాదు. ప్లేఆఫ్ లేకపోతే సగం సీజన్‌కే సగం జట్లకి పని అయిపోతుంది. కానీ ప్లేఆఫ్‌లలో కూడా తేడాలున్నాయి. 2009లో డెక్కన్ చార్జర్స్ ఐపీఎల్ గెలిచింది నాలుగో స్థానం నుంచి. లీగ్‌లో మొదటి స్థానంలో ఉన్న ఢిల్లీ మీద సెమీస్‌లో గిల్‌క్రిస్ట్ 35 బంతుల్లో 85 కొట్టాడు, పట్టిక మొత్తం తలకిందులైంది. 2011 నుంచి ఐపీఎల్ వాళ్ళు సెమీస్ తీసేసి, మొదటి రెండు జట్లకీ ఒక ఓటమిని తట్టుకునే వీలిచ్చారు. మూడు, నాలుగు స్థానాల వాళ్ళు వరసగా మూడు గెలవాలి. 2016లో మన సన్‌రైజర్స్ మూడో స్థానం నుంచి ఆ మూడూ గెలిచే కప్పు తెచ్చింది. అది ఎవరూ వేలెత్తి చూపలేని గెలుపు. కింద నుంచి వచ్చేవాడికి దారి ఉండాలి, అయితే ఆ దారి పైవాడి దారికంటే కష్టంగా ఉండాలి. న్యాయమంటే అదేననుకుంటాను.

అయితే ఏ పద్ధతి పెట్టినా చూడలేనిదొకటి ఉంది, జట్టు లోపల ఏం జరుగుతుందనేది.

హైదరాబాద్ ఎఫ్‌సీ ఎట్టా కూలిందో చూడండి. 2023లో కోచ్ మనోలో మార్కెజ్ గోవాకి వెళ్ళిపోయాడు. జీతాల బకాయిలు బయటపడ్డాయి. బకాయిల వల్ల ఫిఫా కొత్త ఆటగాళ్ళని తీసుకోకుండా నిషేధం పెట్టింది. పేరున్నవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతే కుర్రాళ్ళతో నెట్టుకొచ్చారు. 2023–24లో 22 మ్యాచ్‌లలో 16 ఓటములు, 5 డ్రాలు, ఒకే ఒక్క గెలుపు. 8 పాయింట్లు, అట్టడుగున 12వ స్థానం. కప్పెత్తిన రెండేళ్ళకి! 2024–25లో యాజమాన్యం మారింది, 13 జట్లలో మళ్ళీ 12వ స్థానమే. 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది.

మా నాన్న ఒక మాటంటుంటాడు, "రేటు బాగున్న ఏడాది చేలో తప్పులు కనపడవురా" అని. గుంటూరు యార్డులో మచ్చు తీసి చూసేది నిమిషంలో అయిపోతుంది. ఆ రోజు రేటు పలికితే, అప్పు ఎక్కువైందనీ, మందులు ఎక్కువ కొట్టామనీ, నేల పాడవుతుందనీ ఎవడూ ఆలోచించడు. రేటు పడిపోయి, 2025 ఫిబ్రవరిలో కేంద్రం క్వింటాకి 11,781 రూపాయలు ధర ఖరారు చేయాల్సి వచ్చిన ఏడాది, అన్ని లెక్కలూ ఒకేసారి బయటికొచ్చాయి. హైదరాబాద్ ఎఫ్‌సీకి 2022 కప్పు అట్టాంటి రేటేనని నా అనుమానం. ఆ రాత్రి గెలుపు చూసి నాలాంటివాళ్ళం క్లబ్బు పచ్చగా ఉందనుకున్నాం.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. అదే హైదరాబాద్‌లో ఇంకో జట్టుంది, శ్రీనిధి డెక్కన్. అది కింది లీగ్‌లో, ఐ–లీగ్‌లో ఆడేది. 2022–23లో రెండో స్థానం. 2023–24లో మళ్ళీ రెండో స్థానం. అప్పట్లో ఐ–లీగ్‌లో ప్లేఆఫ్ లేదు, మొదటివాడు మాత్రమే పైకెళ్ళేవాడు. మొదటేడు పంజాబ్ వెళ్ళింది, రెండోయేడు మహమ్మడన్ వెళ్ళింది. వరసగా రెండేళ్ళు రెండో స్థానంలో నిలిచి శ్రీనిధి ఉన్నచోటే ఉండిపోయింది.

గమనించారా? ఒకే ఊరి రెండు జట్లు, రెండూ వరసగా రెండుసార్లు రెండో స్థానంలో నిలిచాయి. ఒకదానికి ప్లేఆఫ్ పుణ్యాన కప్పొచ్చింది, ఇంకోదానికి ఏమీ రాలేదు. అంతకంటే వింత 2023–24. ఆ ఏడాది పై లీగ్‌లో అట్టడుగు జట్టు హైదరాబాద్‌దే, కింది లీగ్‌లో రెండో జట్టూ హైదరాబాద్‌దే. ఐఎస్ఎల్ నుంచి కిందికి దించే ఏర్పాటు అప్పట్లో లేదు కాబట్టి 8 పాయింట్లతో ఒకరు పైనే ఉన్నారు, ఇంకొకరు కిందే ఉన్నారు.

జర్మనీలో అయితే ఇట్టా వదలరు. పై లీగ్‌లో 16వ జట్టూ, కింది లీగ్‌లో మూడో జట్టూ సీజన్ చివర రెండు మ్యాచ్‌లు ఆడి తేల్చుకుంటాయి. గెలిచినవాళ్ళు పైన, ఓడినవాళ్ళు కింద. ఇంగ్లండ్ రెండో డివిజన్‌లో మొదటి ఇద్దరు నేరుగా పైకెళ్తే, మూడో ప్లేసు చోటు కోసం తర్వాతి స్థానాల వాళ్ళు ప్లేఆఫ్ ఆడతారు. అట్టాంటిదొకటి మనకుంటే ఆ ఏడాది హైదరాబాద్ ఎఫ్‌సీ, శ్రీనిధి ఒకే ఊళ్ళో ఎదురెదురు నిలబడేవి. ఓడితే హైదరాబాద్ ఎఫ్‌సీ కిందికి పోయేది, నిజమే. కానీ కింద పడతామన్న భయం ఉన్న క్లబ్బు అంత నిదానంగా కుళ్ళిపోదు. ఒకవేళ అది పోయినా, తెలుగు నేల మీద పై లీగ్ జట్టు ఒకటి మిగిలేది. ఇప్పుడు అదీ లేదు.

మనం మాట్లాడుకునే ప్లేఆఫ్ చర్చంతా కప్పు ఎవరెత్తాలన్న దాని చుట్టూనే తిరుగుతుంది. చోటు ఎవరికుండాలన్న ప్రశ్నకి మాత్రం ప్లేఆఫ్ పెట్టం.

ఇప్పుడు మన గ్రౌండ్‌కి రండి. ఆరు బ్రాంచ్‌లకి ఆరు చోట్లు పుట్టుకతో వచ్చాయి. ఫస్ట్ ఇయర్లకి బ్రాంచ్ జట్లలో చోటు దొరకదు, కాబట్టి వాళ్ళు సాయంత్రాలు గోల్ పోస్టు వెనకాల చెప్పులు పెట్టుకుని ఆడుకుంటారు. ఈ ఏటి వాళ్ళని చూశారా? పోయిన నెల సరదాగా మాతో ఆడారు. 3–0. మూడు మాకు కాదు.

నిజం రాయాలి కాబట్టి రాస్తున్నాను. పెనాల్టీలాపిన మా గోలీ అన్న ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగంలో ఉన్నాడు. జట్టులో ఐదుగురు పాసై వెళ్ళిపోయారు. అది ఎవరి తప్పూ కాదు, ప్రతి బ్రాంచ్‌కీ ఉండేదే. కానీ జులైలో నలుగురు సెకండియర్ కుర్రాళ్ళు బూట్లేసుకుని మా దగ్గరికొచ్చి "అన్నా, ప్రాక్టీసు ఎప్పుడు?" అనడిగారు. "చాంపియన్లం రా, తొందరేముంది, చూద్దాం" అన్నాను. అన్నది నేనే. రెండు వారాలు తిరిగారు, తర్వాత రావడం మానేశారు. ఈ ఏడాది ఆడిన మూడు ప్రాక్టీసు మ్యాచ్‌లూ ఓడాం. మావాళ్ళేమో పద్ధతి మార్చనివ్వొద్దంటున్నారు. మా రోగానికి మందు పద్ధతిలో లేదు.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. ఆరు జట్లూ ఒకరితో ఒకరు ఆడాలి, 15 మ్యాచ్‌లు. మొదటి స్థానం నేరుగా ఫైనల్‌కి. రెండు, మూడు స్థానాల వాళ్ళు ఒక మ్యాచ్ ఆడాలి. డ్రా అయితే పెనాల్టీలు లేవు, రెండో స్థానం వాళ్ళే వెళ్తారు. తర్వాత ఫైనల్. ఇక నేను పట్టుబట్టేది చివరిది: ఆరో స్థానంలో నిలిచిన బ్రాంచ్ ఫస్ట్ ఇయర్ల జట్టుతో ఒక మ్యాచ్ ఆడాలి. ఫస్ట్ ఇయర్లు గెలిస్తే వచ్చే ఏడాది లీగ్‌లో ఆ బ్రాంచ్ చోటు ఫస్ట్ ఇయర్ల జట్టుది. ఆ బ్రాంచ్ ఏడాదంతా బయటుండి, చివర్లో మళ్ళీ ఆడి రావాలి.

పాత పద్ధతిలో 9 మ్యాచ్‌లే కదా, 18 ఎట్టా పెడతారని పీడీ సార్ అడుగుతారు. క్రికెట్ వాళ్ళకీ గ్రౌండ్ కావాలి, న్యాయమే. ఆట సగాన్ని 20 నిమిషాలకి తగ్గిద్దాం. శని, ఆదివారాల్లో రోజుకి రెండేసి మ్యాచ్‌లు పెడితే ఐదు వారాల్లో అయిపోతుంది. ఇంకో అభ్యంతరం ఈసీఈ కెప్టెన్ అప్పుడే చెప్పాడు: ఈ ఏటి ఫస్ట్ ఇయర్లు గెలిస్తే చోటు వచ్చేది వచ్చే ఏటి ఫస్ట్ ఇయర్లకి కదా, వీళ్ళకేం లాభం అని. నేను వాళ్ళనే వెళ్ళి అడిగాను. "మ్యాచ్ ఉంటుందా అన్నా?" అన్నారు. ఉంటుందన్నాను. "అయితే చాలు" అన్నారు.

ఈ రాత ఇంకా అచ్చుకాకముందే మా రూమ్మేట్ చదివాడు. "మన కొంప మనమే ముంచుకుంటున్నాం, ఆరో స్థానం మనదే అయితే?" అన్నాడు. అవ్వొచ్చు. ఆ మ్యాచ్ ఓడితే కప్పు బీరువాలో ఉండగానే మెకానికల్ బయటుంటుంది, ఆ పేరు నాకే వస్తుంది. దానికి సిద్ధపడే రాశాను.

వచ్చే గురువారం మళ్ళీ కూర్చుంటున్నాం. నా ఓటు దీనికే. ఈలోపు ఆ నలుగురు సెకండియర్ కుర్రాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, రేపు సాయంత్రం ఐదింటికి గ్రౌండ్‌కి రండి తమ్ముళ్ళూ. బంతి పంక్చరైంది, కొత్తది నేను తెస్తాను.