తోటలున్నాయి... చూసేదెవరు?

సాగు నిర్వాహకుడి అవసరం పెరుగుతున్నా కొలువుకు దక్కని గుర్తింపు
చదువుకున్న యువత చూపంతా సర్కారీ ఉద్యోగాలపైనే

కొండపల్లి: కొండపల్లి ఖిల్లా దిగువ నుంచి జి.కొండూరు, మైలవరం వైపు సాగితే దారి పొడవునా మామిడి తోటలు పలకరిస్తాయి. ఆ తోటల పట్టాదారుల్లో పలువురు స్థానికంగా లేరు. కొందరు విజయవాడలో వ్యాపారాలు చేసుకుంటున్నారు. కొందరు హైదరాబాదులో ఉద్యోగాల్లో ఉన్నారు. మరికొందరు అమెరికాలో స్థిరపడి రెండు మూడేళ్లకోసారి వచ్చి తోట చూసి వెళుతున్నారు. యజమాని లేని ఆ రోజుల్లో తోటకు నీరు పెట్టించేది, మందు కొట్టించేది, కూలీలను పిలిచేది, కాయ బేరం మాట్లాడేది ఎవరన్న ప్రశ్నకు సమాధానం ప్రతి ఊరిలోనూ ఉంది. ఆ పని చేసే మనిషి ఉన్నాడు. అతడిని ఒకచోట పాలేరు అంటారు, మరోచోట కాపలాదారు అంటారు, ఇంకోచోట మేస్త్రి అంటారు. చేసేది మాత్రం మేనేజరు పని. అతడి చేతిలో నియామక పత్రం లేదు, జీతానికి లెక్క లేదు, తోట అమ్ముడైతే రేపటి మాట ఏమిటో తెలియదు.

మరోవైపు వ్యవసాయ డిప్లొమాలు, పట్టాలు పుచ్చుకున్న యువకులు ఏటా కళాశాలల నుంచి బయటకు వస్తూనే ఉన్నారు. వారిలో తోట నిర్వహణను జీవనోపాధిగా ఎంచుకునేవారు అరుదు. పని ఉన్నచోట శిక్షణ లేదు, శిక్షణ ఉన్నచోట ఆ పనిపై నమ్మకం లేదు. ఈ రెండింటి నడుమ నలుగుతున్నది తోట దిగుబడి ఒక్కటే కాదు, పల్లెల్లోనే ఉండి గౌరవంగా బతకాలనుకునే వారి భవిష్యత్తు కూడా.

దివాణం నుంచి పాలేరు దాకా

భూమి ఒకరిది, నిర్వహణ మరొకరిది అన్న పద్ధతి కృష్ణా తీరానికి కొత్తేమీ కాదు. నూజివీడు, చల్లపల్లి సంస్థానాల కాలంలో దివాన్లు, గుమాస్తాలు ఎస్టేట్ల వ్యవహారాలు చక్కబెట్టేవారు. వారికి హోదా ఉండేది, జీతం ఉండేది, లెక్కల పుస్తకం ఉండేది. 1948లో మద్రాసు ప్రభుత్వం తెచ్చిన ఎస్టేట్ల రద్దు చట్టంతో ఆ వ్యవస్థ ముగిసింది. 1973 భూసంస్కరణల చట్టం కుటుంబానికి ఉండదగిన భూమిపై పరిమితి విధించింది. వారసుల మధ్య పంపకాలతో కమతాలు ఇంకా చిన్నవయ్యాయి. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సగటు కమతం 0.94 హెక్టారు మాత్రమే. అంటే రెండున్నర ఎకరాలకు కాస్త తక్కువ.

ఇంత చిన్న కమతానికి జీతమిచ్చి మేనేజరును పెట్టుకోవడం సాధ్యం కాదు. అందుకే డెల్టాలో మాగాణి చాలావరకు కౌలుకు వెళ్లిపోయింది. మామిడి వంటి దీర్ఘకాలిక తోటల పరిస్థితి వేరు. చెట్టును ఏటేటా చేతులు మార్చితే ఈ ఏటి కాయ మీదే తప్ప వచ్చే ఏటి కొమ్మ మీద ఎవరికీ శ్రద్ధ ఉండదు. కనుకనే పలువురు యజమానులు తోటను తమ చేతిలోనే ఉంచుకుని, కాపును మాత్రం పూత దశలోనో, పిందె దశలోనో వ్యాపారికి గుత్తకు ఇచ్చేస్తుంటారు. చేతికి డబ్బు ముందే వస్తుంది. అయితే కాయ నాణ్యత, ధర, చెట్టు ఆరోగ్యం అన్నీ గుత్తేదారు అవసరాన్ని బట్టి నడుస్తాయి. ఈ ఏర్పాటులో ఖాళీగా మిగిలిపోయిన స్థానమే నిర్వాహకుడిది.

ఏడాది పొడవునా పనే

తోట నిర్వహణ అంటే కాపలా అన్న అభిప్రాయం చాలామందిలో ఉంది. వాస్తవానికి మామిడి తోటలో ఖాళీ నెల ఉండదు. కాయ కోత ముగిసిన వెంటనే జూన్, జులైల్లో ఎండుకొమ్మలు, లోపలికి పెరిగిన రెమ్మలు కత్తిరించి, పాదులు చేసి ఎరువులు వేయాలి. వర్షాకాలంలో వచ్చే కొత్త చిగురును పురుగు తినకుండా కాపాడుకోవాలి. ఏడాది విడిచి ఏడాది కాసే బంగినపల్లి వంటి రకాలకు పూత మందు వాడదలిస్తే మోతాదు చెట్టు వయసును, విస్తీర్ణాన్ని బట్టి నిర్ణయించాలి. మోతాదు మించితే కొమ్మలు కురచబారతాయి. అక్టోబరు, నవంబరుల్లో నీరు ఆపి చెట్టును బెట్టకు గురిచేయాలి. డిసెంబరు, జనవరిల్లో పూత కనిపించగానే తేనెమంచు పురుగు, తామర పురుగులు, బూడిద తెగులుపై కన్ను వేయాలి. పిందె బఠాణీ గింజంత అయ్యాకే మళ్లీ నీరు. మార్చి నుంచి పండు ఈగకు ఎర బుట్టలు కట్టాలి. కోతలో కాయ నేలపై పడకుండా చిక్కంతో దించాలి, తొడిమ ఉంచి కోయాలి, సొన కాయపై కారకుండా చూడాలి.

ఈ పనుల్లో ఏ ఒక్కటి వారం ఆలస్యమైనా నష్టం ఏడాదంతా వెంటాడుతుంది. పక్క తోటలో కొట్టారని తామూ అదే మందు కొట్టించడం, దుకాణదారు చెప్పిందే వేదమనుకోవడం వంటివి శిక్షణ లేని నిర్వహణలో తరచూ కనిపించే లోపాలు. ఖర్చు పెరుగుతుంది, పురుగు తగ్గదు, కాయలో మందు అవశేషాలు మిగులుతాయి.

అవశేషాలు, పండు ఈగ అన్నవి ఇప్పుడు తోట గట్టు దాటి దేశాల సరిహద్దుల దాకా వెళ్లిన విషయాలు. పండు ఈగ కనిపించిందన్న కారణంతో ఐరోపా సమాఖ్య 2014 మే 1 నుంచి భారత మామిడి దిగుమతిని నిలిపివేసింది. 2015 జనవరిలో గానీ ఆ నిషేధం తొలగలేదు. ఎగుమతికి వెళ్లే తోటలు ఇప్పుడు అపెడా నిర్వహించే మ్యాంగోనెట్‌లో నమోదు కావాలి. ఏ తేదీన ఏ మందు, ఎంత మోతాదులో కొట్టారో పుస్తకంలో ఉండాలి. స్వదేశీ విపణిలోనూ కార్బైడ్‌తో మగ్గబెట్టడం నిషిద్ధం. ఎథిలీన్ వాయువుతో మాగవేయడానికి ఆహార భద్రతా సంస్థ 2016లో అనుమతించింది. ఇవన్నీ తెలిసి, రాసి పెట్టగలిగిన మనిషి తోటలో ఉంటేనే నున్న మార్కెట్ దాటి కాయ ముందుకు కదులుతుంది.

చెరువు గట్టున మేనేజరు

కైకలూరు, మండవల్లి, కలిదిండి ప్రాంతాలకు వెళితే మేనేజరన్న మాట కొత్తగా వినిపించదు. పెద్ద విస్తీర్ణంలో చేపలు, రొయ్యలు పెంచేవారు చెరువుల మీద జీతం ఇచ్చి నిర్వాహకులను నియమించుకుంటున్నారు. మేత లెక్క, నీటిలో ప్రాణవాయువు, పట్టుబడి రోజున తూకం వంటివి రోజువారీగా చూడకపోతే ఒక్క రాత్రిలో లక్షల నష్టం వాటిల్లుతుంది. ఆ భయమే అక్కడ మేనేజరుకు విలువ తెచ్చిపెట్టింది. మామిడిలో నష్టం మెల్లగా, కంటికి కనపడకుండా జరుగుతుంది. అందువల్లే తోట యజమాని నిర్వాహకుడి జీతాన్ని ఖర్చుగానే చూస్తున్నాడు, ఆదాగా చూడలేకపోతున్నాడు.

చదువు ఎక్కడ, చేరేది ఎక్కడ?

ఈ రంగానికి కావలసిన చదువు అందుబాటులోనే ఉంది. ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం పదో తరగతి ఉత్తీర్ణులకు పాలిటెక్నిక్‌లలో రెండేళ్ల వ్యవసాయ డిప్లొమా అందిస్తోంది. 2007లో వెంకటరామన్నగూడెం కేంద్రంగా ఏర్పడిన డాక్టర్ వై.ఎస్.ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయంలో ఉద్యాన డిప్లొమా ఉంది. ఆపై చదవాలనుకునే డిప్లొమాదారులకు అగ్రిసెట్ ద్వారా బీఎస్సీలో చేరే దారి ఉంది. వ్యాపార కోణంలో చదవదలచిన పట్టభద్రులకు హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని మేనేజ్ సంస్థ వ్యవసాయ వాణిజ్య నిర్వహణ కోర్సు నడుపుతోంది. మామిడికి సంబంధించి నూజివీడులో ప్రత్యేక పరిశోధన స్థానమే ఉంది.

చదువు పూర్తయ్యాక దారులు మారుతున్నాయి. 2019లో గ్రామ సచివాలయాల ఏర్పాటుతో వ్యవసాయ, ఉద్యాన సహాయకుల పోస్టులు వేల సంఖ్యలో వచ్చాయి. అప్పటి నుంచి డిప్లొమా చేతికి రాగానే తదుపరి నోటిఫికేషన్ కోసం ఎదురుచూడటం ఆనవాయితీగా మారింది. మిగిలినవారు ఎరువులు, పురుగుమందుల కంపెనీల్లో అమ్మకాల ఉద్యోగాలకు వెళుతున్నారు. తోటకు సలహా చెప్పవలసిన చదువు తోటకు మందు అమ్మే పనిలో పడుతోంది.

ప్రభుత్వ రంగంలో ఫారం మేనేజరు అన్న పేరుతోనే పోస్టు ఉంది. ప్రతి కృషి విజ్ఞాన కేంద్రానికి మంజూరైన 16 పోస్టుల్లో అది ఒకటి. కేంద్రం భూమిలో విత్తనం నుంచి కోత వరకు నడిపించే బాధ్యత ఆ పోస్టుదే. అయితే ఉమ్మడి కృష్ణా జిల్లాలో గరికపాడు, ఘంటసాలల్లోని కేంద్రాలకు కలిపి చూసినా అటువంటి కొలువులు వేళ్లపై లెక్కించదగినవే. ఈ వృత్తికి ప్రభుత్వం ఒక నమూనా చూపగలదే తప్ప ఉపాధి అంతా చూపలేదన్నది స్పష్టం. దారి ప్రైవేటు తోటల్లోనే వెతకాలి.

కాగితం లేని కొలువు

ప్రైవేటు తోటల్లో తొలి అడ్డంకి రాతపూర్వక ఒప్పందం లేకపోవడం. కాగితం మీద పెడితే రేపు భూమిపై హక్కు కోరతారేమోనన్న శంక యజమానుల్లో పాతుకుపోయింది. 1956 కౌలుదారీ చట్టం నాటి నుంచి వచ్చిన భయమిది. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం 11 నెలల ఒప్పందంతో, యజమాని హక్కుకు భంగం లేకుండా కార్డు ఇచ్చే పద్ధతి తెచ్చినా సంతకం పెట్టేందుకు వెనుకాడేవారే ఎక్కువ. జీతంపై పనిచేసే నిర్వాహకుడు కౌలుదారు కాడు. అతడికి ఇచ్చే నియామక పత్రం భూమిపై హక్కు పత్రం కాబోదు. ఈ తేడా గ్రామాల్లో స్పష్టంగా చెప్పేవారు లేరు.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక స్మృతులు నియామక పత్రాన్ని తప్పనిసరి చేశాయి. అయితే ఆ నిబంధన ఉన్న పని భద్రత స్మృతి సాధారణంగా పదిమంది, అంతకు మించి పనిచేసే చోట్లకు వర్తిస్తుంది. నలుగురైదుగురితో నడిచే తోట దాని పరిధిలోకి రాదు. ఫలితంగా చట్టం ఉన్నా తోట మేనేజరుకు యజమాని మాటే దిక్కు.

కాగితం లేకపోతే ఏమవుతుందో 2024 వరద గుర్తుచేసింది. ఆ ఏడాది ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కుండపోత వానలకు బుడమేరు పొంగింది. మళ్లింపు కాలువ గట్లు తెగి విజయవాడ శివారు కాలనీలతో పాటు పొలాలూ నీట మునిగాయి. ఇటువంటి వేళ నష్టం లెక్క కట్టడానికి ఈ-పంట నమోదు ఆధారం. యజమాని దూరదేశంలో ఉండి, తోట చూసే మనిషికి ఏ అధికారమూ లేనప్పుడు నమోదు చేయించేదెవరు, అధికారులు వచ్చినప్పుడు గట్టున నిలబడి చూపేదెవరు? బాధ్యత అప్పగించిన ఒక్క పత్రం ఈ చిక్కును తీర్చగలదు.

ఒక మేనేజరు.. పది తోటలు

జీతం భారమన్న వాదనకు లెక్కలోనే జవాబు దొరుకుతుంది. నిర్వాహకుడికి నెలకు 20 వేల రూపాయలు ఇవ్వదలిస్తే ఏడాదికి 2.40 లక్షలు. ఐదెకరాల తోట ఒక్కటే మోస్తే ఎకరాకు 48 వేలు. అది అసాధ్యం. అదే ఒకే ఊరి చుట్టూ ఉన్న పన్నెండు తోటల యజమానులు కలిసి 60 ఎకరాలకు ఒకరిని నియమించుకుంటే ఎకరాకు 4 వేలకు దిగుతుంది. మందుల కొనుగోలు, కూలీల ముఠా, యంత్రాల అద్దె, కాయ బేరం ఉమ్మడిగా జరిగితే ఆ మొత్తంలో కొంత తిరిగి వచ్చే అవకాశం ఉంది.

ఇది ఊహాజనితమైన ఏర్పాటు కాదు. అమెరికాలో భూమి వారసత్వంగా పొంది నగరాల్లో ఉంటున్నవారి పొలాలను వృత్తి నిర్వాహకులు చూస్తుంటారు. ఒక్కొక్కరి చేతిలో పలువురి భూములు ఉంటాయి. అటువంటి నిర్వాహకుల సంఘం అక్కడ 1929లోనే ఏర్పడింది. సభ్యులకు అర్హత పరీక్షలు, నియమావళి ఉన్నాయి. అదే అమెరికాలో ఉద్యోగం చేస్తూ కొండపల్లి చెంత తోట ఉంచుకున్నవారికి ఈ పద్ధతి వివరించడం కష్టం కాబోదు. ఇక్కడ ఆ బాధ్యత తలకెత్తుకోదగినవి రైతు ఉత్పత్తిదారుల సంస్థలు. దేశంలో పది వేల సంస్థల ఏర్పాటు లక్ష్యంతో కేంద్రం 2020లో పథకం ప్రారంభించింది. నిర్వాహకుడి జీతం సంస్థ ద్వారా అందితే ఒక యజమాని తప్పుకున్నా కొలువు నిలుస్తుంది.

ప్లాట్ల నీడ

ఈ వృత్తికి ఇక్కడున్న అసలు ముప్పును విస్మరించలేం. ఒకవైపు థర్మల్ విద్యుత్ కేంద్రం, పారిశ్రామికవాడ, మరోవైపు కృష్ణకు ఆవలి ఒడ్డున అమరావతి. వీటి నడుమ కొండపల్లి, ఇబ్రహీంపట్నం పరిసరాల్లో ఎకరా విలువకు, ఎకరా పంట రాబడికి పొంతన లేకుండా పోయింది. ధర కోసమే భూమి ఉంచుకున్న యజమాని చెట్టు మీద పెట్టుబడి పెట్టడు. అటువంటి తోటలో చేరిన మేనేజరుకు రాళ్లు పాతిన రోజే ఆఖరి పనిదినం. కాబట్టి ఈ కొలువులోకి దిగే యువకుడు తోట కంటే ముందు యజమాని ఉద్దేశాన్ని తెలుసుకోవాలి. కనీసం మూడేళ్ల ఒప్పందం, నెల జీతంతో పాటు దిగుబడిలో వాటా, తొలగిస్తే ముందస్తు గడువు, ఖర్చులకు ప్రత్యేక బ్యాంకు ఖాతా ఉండేలా రాయించుకోవాలి. తొలి రెండేళ్లు అనుభవజ్ఞుడైన పాలేరు పక్కన పని నేర్చుకోవడం నామోషీ కాదు. చెట్టు భాష పుస్తకం కంటే అతడికే బాగా తెలుసు.

అధికార యంత్రాంగం చేయదగినవీ ఉన్నాయి. ఉద్యాన శాఖ, విశ్వవిద్యాలయం కలిసి ఒక నమూనా నియామక పత్రం రూపొందించి రైతు సేవా కేంద్రాల్లో ఉంచవచ్చు. ఏళ్ల తరబడి తోటలు చూస్తున్న పాలేర్లకు నూజివీడులో స్వల్పకాలిక శిక్షణ ఇచ్చి ధ్రువపత్రం అందించవచ్చు. డిప్లొమా విద్యార్థులను ఒక కాపు కాలమంతా తోటల్లో ఉంచవచ్చు. వీటిలో దేనికీ కొత్త చట్టం అక్కరలేదు. జూన్‌లో కోతలు ముగిసి కత్తిరింపులు మొదలయ్యే నాటికి ఒక్క మండలంలోనైనా ఈ ప్రయత్నం ఆరంభమైతే, మరుసటి వేసవి కాపే దాని మంచిచెడ్డలు తేల్చి చెబుతుంది.