గ్రామసభకు అడ్డుపడుతున్న రెండు మాటలు

సూరత్ అనగానే మనకు గుర్తొచ్చేవి మరమగ్గాలు, వజ్రాలు, డుమస్ బీచ్. అదే జిల్లా తూర్పున మాండ్వీ, మాంగ్రోల్, మహువా, బార్డోలీ తాలూకాలు రాజ్యాంగం ఐదో షెడ్యూల్ కిందికి వస్తాయని చాలామందికి తెలియదు. చౌధరీ, గామిత్, వసావా, హళపతి ఆదివాసీల నేల అది. డుమస్‌లో ఉంటూ నేను చేస్తున్న పరిశోధన అక్కడి స్వయంపాలన చట్టం మీదే.

ఆ చట్టం పేరు పీసా. 1996 డిసెంబర్ 24న అమల్లోకి వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దానికి నిబంధనలు రాసింది 2011లో, గుజరాత్ 2017లో. ఆలస్యం ఒక అన్యాయమైతే, చట్టంలోని రెండు మాటలు అంతకంటే పెద్ద అన్యాయం.

మొదటిది 'సంప్రదించడం'. భూసేకరణకు ముందు ఊరిని సంప్రదిస్తే చాలంటుంది పీసా. ఊరు వద్దన్నాక ఏం జరగాలో చెప్పదు. ఈ మాట పాతదే. 1949 సెప్టెంబర్ 5న అంబేద్కర్ రాజ్యాంగ సభలో సవరించిన ఐదో షెడ్యూల్‌ను ప్రతిపాదించినప్పుడు, గిరిజన సలహా మండలి బలం తగ్గిపోతోందని జైపాల్ సింగ్ ముండా నిరసన తెలిపారు. నేటికీ గవర్నర్ నియమావళి చేసే ముందు ఆ మండలిని సంప్రదిస్తే సరిపోతుంది. అంబేద్కర్‌ను గౌరవించే మనం జైపాల్ సింగ్ అభ్యంతరాన్ని కూడా చదవాలి.

రెండోది 'లేదా'. సంప్రదించాల్సింది 'గ్రామసభను లేదా తగిన స్థాయి పంచాయతీని' అని ఉంది. ఊరంతా కూర్చునే సభను పక్కన పెట్టి, పైస్థాయి పంచాయతీ తీర్మానంతో పని కానిచ్చే దారి ఇక్కడే ఉంది. 2013 భూసేకరణ చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ముందస్తు 'సమ్మతి' కావాలంది. కానీ ఆ 'లేదా'ను మాత్రం వదల్లేదు.

గ్రామసభకు నిర్ణయాధికారమిస్తే దేశం ఆగిపోతుందా? మన పొరుగున ఒడిశాలో 2013లో సుప్రీంకోర్టు నియమగిరి విషయాన్ని గ్రామసభలకే వదిలింది. 12 సభలూ బాక్సైట్ తవ్వకాన్ని తిరస్కరించాయి. డోంగ్రియా కోందుల కొండ నిలిచింది. 1997 సమత తీర్పు కూడా మన ఏజెన్సీలో ప్రభుత్వ భూమిని సైతం ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వకూడదంది.

జిల్లా స్థాయిలో ఆరో షెడ్యూల్ తరహా ఏర్పాటుకు రాష్ట్రాలు ప్రయత్నించాలని పీసాయే చెప్పింది. డాంగ్ జిల్లాకు గానీ, మన రంపచోడవరానికి గానీ నేటికీ స్వయంప్రతిపత్తి మండలి లేదు.

కాబట్టి డిమాండ్ సూటిగా ఉండాలి: 'సంప్రదింపు' స్థానంలో 'సమ్మతి', 'లేదా' స్థానంలో గ్రామసభ ఒక్కటే. విశ్వవిద్యాలయాల్లో ఆదివాసీ సంస్కృతిపై సదస్సులు చాలానే జరిగాయి. ఇక ఈ రెండు మాటల మీద చర్చ పెడదాం. ఊరికి వద్దనే హక్కు లేనంతకాలం స్వయంపాలన కాగితం మీది గౌరవమే.