రేవును ఎన్నుకునేది ఓడవాడు

ఈమధ్య ఒక సభలో ఒక పెద్దమనిషి పర్యాటకరంగాన్ని గురించి ఉపన్యసిస్తూ, తెరచాప పడవలపై దేశాలు తిరిగే యాత్రికులను మన నగరాలకు రప్పించే ఉపాయం సెలవిచ్చారు. నగరం నడిబొడ్డున, దీపతోరణాల నడుమ, మెట్లూ పూలతొట్లూ అమర్చి పడవ కట్టుకొనే చోటు చూపితే చాలునట. చోటు అందంగా ఉంటే పడవ దానంతటదే వచ్చి ఆగుతుందట. ఇందుకు నమూనాగా ఆయన చూపినది హుస్సేన్ సాగర్ గట్టు. "అయ్యా, మరి మోటుపల్లి శాసనం మాటేమిటి?" అని అడిగాను. "మాస్టారూ, కామారెడ్డి, ఎల్లారెడ్డి వాళ్ళకు తెలిసిన బెర్తు రైలుబండిలోనిదే కదా!" అని ఆయన చమత్కరించారు. సభ నవ్వింది. చమత్కారం బాగానే ఉంది. వాదమే బాగులేదు. ఎందుకు బాగులేదో అక్కడ చెప్పడానికి వ్యవధి దొరకలేదు గనుక ఈ టపా.

ముందుగా ఆ బెర్తు సంగతి. ఇంగ్లీషులో ఆ మాట ఓడలనుంచే రైలెక్కింది. ఓడ నిలిచే చోటుకూ, ఓడలో నావికుడు పడుకొనే బల్లకూ ఉన్న పేరే తరువాత రైలుపెట్టెలోకి వచ్చింది. కనుక కామారెడ్డి స్టేషనులో అర్ధరాత్రి బండి ఎక్కి బెర్తు వెదుక్కొనేవాడు కూడా సముద్రపు మాటనే పలుకుతున్నాడు. ఇక మన రేవు. మా ఎల్లారెడ్డి వైపు రేవు అనగానే పిల్లలకు తోచేది చాకిరేవు. పాఠంలో ఓడరేవు వచ్చినప్పుడల్లా తరగతిలో కిసుక్కుమనేవారు. నిజానికి రెండింటి నీతీ ఒక్కటే. బట్టలుతికేవారు రేవును ఎలా ఎంచుకుంటారో చూడండి. నీరు తేటగా ఉండాలి, దిగడానికి వాలుండాలి, అడుగున బురద ఉండరాదు, బట్టలు ఆరవేయడానికి మెరక దగ్గరగా ఉండాలి, ఎవరో దొర వచ్చి లేచిపొమ్మనకూడదు. అక్కడినుంచి గుడిగోపురం శోభగా కనిపిస్తుందని ఎవరూ రేవు ఎంచుకోలేదు.

ఓడవాని లెక్క ఇంతకంటె కొంచెం పెద్దది, అంతే. సముద్రంమీద తిరిగే తెరచాప పడవకు అడుగున వెన్నెముకవంటి భాగం నీటిలోకి లోతుగా దిగి ఉంటుంది. పక్కగాలి తోసినా పడవ బోర్లపడకుండా కాపాడేది అదే. పైన తెరచాపను మోసే స్తంభం ఎత్తుగా ఉంటుంది. కనుక లోతులేని నీరూ, ఎత్తులేని వంతెనా రెండూ దానికి శత్రువులు. నగరాల నడిబొడ్డున సాధారణంగా దొరికేవి ఈ రెండే! పిమ్మట ఏ గాలికి ఏ కొండ అడ్డు నిలుస్తుంది, లంగరు వేస్తే అడుగుమన్ను పట్టుకుంటుందా, తెగిన తాడుకూ చిరిగిన తెరచాపకూ మరమ్మతు దొరుకుతుందా, సుంకం అధికారి ఎలాంటివాడు, వచ్చినంత సులువుగా వెళ్ళిపోగలమా అన్నవి చూస్తాడు. దీపతోరణాలు ఈ జాబితాలో ఎక్కడ వస్తాయో వెదికి చూడవచ్చు.

నేను ఊహించి చెబుతున్నానని అనుకోకండి. 2017 సెప్టెంబరులో మన నౌకాదళానికి చెందిన ఆరుగురు మహిళలు తారిణి అనే తెరచాప పడవపై గోవానుంచి బయలుదేరి భూమి చుట్టి 2018 మే నెలలో తిరిగివచ్చారు. వారిలో విశాఖపట్నపు పాతర్లపల్లి స్వాతి, హైదరాబాదుకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య మన తెలుగు ఆడపడుచులు. పడవ పొడవు 55 అడుగులు. అది ఆగిన రేవులు ఫ్రీమాంటిల్, లిటిల్టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్‌టౌన్. మొదటిది పెర్త్ నగరపు రేవు. కాని ఉన్నది పెర్త్ నడిబొడ్డున కాదు, నది సముద్రంలో కలిసే చోట. రెండవది క్రైస్ట్‌చర్చ్ నగరానికి రేవు. నగరానికీ దానికీ నడుమ కొండలున్నాయి. ఊరు చూడదలచినవారు పడవను రేవులో వదలి ఊరికి వెళ్తారు. తిరుగుప్రయాణంలో చుక్కాని యంత్రాంగం చెడితే వారు మారిషస్‌లోని పోర్ట్ లూయిస్‌కు మళ్ళారు. ఆపదలో తలుపు తీసిన రేవు అది. అప్పుడు దాని అందచందాలు ఎవరు చూశారు? 2024-25లో మరో ఇద్దరు మహిళాధికారులు, దిల్నా, రూప, అదే పడవపై మళ్ళీ ప్రపంచం చుట్టినప్పుడూ ఆగినవి ఆ నాలుగు రేవులే.

మన చరిత్ర చెప్పేదీ ఇదే. గోలకొండకు రేవు మచిలీపట్నం. బందరు దగ్గర తీరం మెరక. పెద్ద ఓడలు దూరాన లంగరు వేసుకొని చిన్న పడవలలో సరకు దింపుకోవలసివచ్చేది. అయినా 1611లో ఇంగ్లీషువారి గ్లోబ్ ఓడ అక్కడికే వచ్చింది. లోతు లేకపోయినా వెనుక గోలకొండ రాజ్యపు వ్యాపారం ఉంది, ఆపైన రాజు ఇచ్చే మాట ఉంది. 1632లో గోలకొండ సుల్తాను ఇంగ్లీషువారికిచ్చిన "బంగారు ఫర్మానా" ఏమిటి? ఏడాదికి 500 పగోడాలు చెల్లించి స్వేచ్ఛగా వర్తకం చేసుకొమ్మనడం. ఆ ఔదార్యం తరువాత మన నెత్తికి ఏమి తెచ్చిందన్నది వేరే కథ, వేరే కన్నీళ్ళు. ఇక్కడ నేను చెప్పదలచినది, ఓడవాడు లోతు తక్కువైనా ఓర్చుకుంటాడు గాని, సుంకం రేపు ఎంతవుతుందో తెలియని చోట నిలువడన్నది.

ఇప్పుడు మోటుపల్లికి వద్దాం. చీరాల దాపున ఉన్న ఈ ఊరిలో, వీరభద్రాలయంలో, కాకతి గణపతిదేవుడు శకవర్షం 1166లో, అంటే 1244-45లో, వేయించిన శాసనం ఉంది. మన పాఠ్యపుస్తకాలు దీనిని "గణపతిదేవుడు విదేశీ వాణిజ్యాన్ని ప్రోత్సహించెను" అన్న ఒక్క వాక్యానికి కుదించి చంపేశాయి. పిల్లలు ఆ వాక్యాన్ని బట్టీపట్టి రెండు మార్కులు తెచ్చుకుంటారు. శాసనంలో ఉన్న మనిషి వారికి కనిపించడు. ఆ మనిషి తుపానులో ఓడ పగిలి పరాయితీరానికి కొట్టుకువచ్చిన వర్తకుడు. అంతకుముందటి రాజులు అలాంటి ఓడలలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు సమస్తం బలవంతంగా లాక్కొనేవారని శాసనమే చెబుతోంది. సముద్రం వదిలినదాన్ని రాజు తీసుకొనేవాడన్నమాట! గణపతిదేవుడు ఆ ఆచారాన్ని రద్దు చేశాడు. ప్రాణాలకు తెగించి సముద్రం దాటేవారికి ధనం ప్రాణంకంటె గొప్పదని తలచి, దయతో, నియమిత సుంకం తప్ప తక్కిన సర్వమూ వదిలిపెడుతున్నామని అభయమిచ్చాడు. వచ్చే సరకుకైనా పోయే సరకుకైనా సుంకం ముప్పదింట ఒక వంతు. చందనం, పచ్చకర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, రాగి, సీసం, పట్టునూలు, పగడాలు, మిరియాలు, పోకలు... దేనికెంతో రాతిమీద చెక్కించాడు. సుంకరి మనసు మారినా రాయి మారదు కదా.

ఈ రాజు రాజధాని ఓరుగల్లు. సముద్రం కంటికి కనబడని ఊరు. కామారెడ్డివానికి రేవుతో పనేమిటని నవ్వినవారు ఓరుగల్లువానికి పనేమిటని కూడా నవ్వాలి మరి! 1358లో కొండవీటి అనపోతరెడ్డి అదే మోటుపల్లిలో మళ్ళీ శాసనం వేయించి, వచ్చిన వర్తకులు ఉండదలిస్తే ఉండవచ్చునని, పోదలిస్తే అడ్డగించమని హామీ ఇచ్చాడు. రెడ్డిరాజుకు తెలిసిన ఆ రెండవ సగం మన ఉపన్యాసకులకు తెలియలేదు. పడవను రప్పించడం గురించే వారి ఆలోచన అంతా. పోనిస్తామన్న నమ్మకం లేని రేవుకు తెలిసినవాడెవడూ రాడు.

ఇక ఆయన నమూనా హుస్సేన్ సాగర్. 16వ శతాబ్దిలో కుతుబ్‌షాహీల కాలంలో తవ్విన ఈ చెరువులో తెరచాప పడవల పోటీలు ఏళ్ళ తరబడి జరుగుతున్నాయి. పేదకుటుంబాల పిల్లలు అక్కడ తెరచాప పట్టడం నేర్చి జాతీయస్థాయిలో పతకాలు గెలిచారు. వారికి నా నమస్సులు. కాని వారు నేర్చుకొన్నది ఎలాంటి నీటిలో? కూకట్‌పల్లి నాలా దశాబ్దాలపాటు మురుగునూ కర్మాగారాల వ్యర్థాన్నీ మోసుకువచ్చి పోసిన నీటిలో. గట్టున రంగుదీపాలు, నడుమ ఫౌంటెన్లు, ముక్కుకు చేతిరుమాలు! పడవ బోర్లపడితే ఆ నీరు మింగేది దీపాలు పెట్టించినవారు కాదు. గట్టుకు పెట్టిన ఖర్చు మొదట నీటికి పెట్టి ఉంటే నేను ఈ నాలుగు మాటలూ రాసేవాణ్ణి కాదు.

మా ఎల్లారెడ్డికి దాపున మంజీరమీద 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఉంది. అక్కడా పర్యాటక పడవలకు చక్కని కట్ట కట్టాలన్న మాట వింటూ ఉంటాం. కట్టండి. కాని కట్టేముందు చేపలుపట్టేవాడు తన పుట్టిని ఇప్పుడు ఎక్కడ ఒడ్డుకు లాగుతున్నాడో వెళ్ళి చూడండి. గాలి ఎటునుంచి వస్తుందో, ఏ మూలలో నీరు నిలకడగా ఉంటుందో అతనికి తెలుసు. మీరు తీసుకోదలచిన చోటు అదే అయితే అతన్ని ఎక్కడికి పంపుతారో ముందుగా రాసి ఇవ్వండి.

కేరళవారు కొచ్చిలో బోల్గాట్టి దగ్గర దూరదేశపు తెరచాప పడవలు ఆగడానికి మెరీనా కట్టుకున్నారు. బందరులో కొత్త ఓడరేవు పనులు 2023 మే నెలలో మొదలైనాయి. అవి సరకు ఓడలకు బెర్తులు, సంతోషం. ఆ పటంలో 55 అడుగుల తెరచాప పడవకు ఒక మూల చోటు గీయమని, రోజుకు అద్దె ఎంతో, సుంకం ఎంతో, తుపానులో తలదాచుకోవడానికి వచ్చినవారి దగ్గర ఏమి పుచ్చుకోబోమో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాతిమీద చెక్కించి రేవు ముఖద్వారంలో నిలబెట్టమని నా కోరిక. రాతిమీద ఏమి రాయాలో తోచకపోతే మోటుపల్లి దగ్గరే ఉంది, వెళ్ళి చదువుకోవచ్చు.